వేలెడంత సందు

జిగురుతో అతికించిన కారు వెనకద్దాన్ని పగలగొట్టకుండా ఊడదీయడం మా బజారులో ఇద్దరికే వచ్చు. ఒకడు తోక్తోసున్ అన్న, రెండోవాణ్ణి నేను. గొప్పలు పోతున్నానంటే పోతున్నాననే అనుకోండి. ముందద్దం ఎవడైనా తీస్తాడు. వెనకద్దం అలా కాదు, అంచు మీద కత్తి మొన ఒక్కసారి తగిలితే చాలు, మొత్తం జొన్నగింజల్లా రాలిపోతుంది. అందుకే అద్దం ఊడదీసేటప్పుడు మేం కత్తి ముట్టుకోం. జిగురులోంచి సన్నటి ఉక్కు తీగ దూర్చి, లోపలి కొస ఒకడు, బయటి కొస ఒకడు పట్టుకుని రంపంతో కోసినట్టు ఇటూ అటూ లాగుతాం. లోపలివాణ్ణి ఎప్పుడూ నేనే. తోక్తోసున్ అన్న పొట్టకి కారు వెనక సీట్లో పనిచేసే యోగం లేదు.

బిష్కెక్‌లో పాత విడిభాగాలు అమ్మే బజారు చివర, ఒక ఇనప కంటైనరే మా దుకాణం. చలికాలం వస్తే బయట జిగురు పట్టదు. కారుని కంటైనర్‌లోకి తోసి, తలుపులు మూసి, హీటర్ పెట్టాల్సిందే. కారు లోపలికి వెళ్ళాక రెండు పక్కలా జానెడు చోటు మిగులుతుంది. కారు తలుపు తీస్తే అరచెయ్యి పడుతుంది, మనిషి పట్టడు. నేను స్టీరింగ్ దగ్గర కూర్చుంటే పక్క దుకాణాల వాళ్ళొచ్చి తోస్తారు. ముక్కు లోపలికి, తోక కంటైనర్ గుమ్మం దగ్గరికి వస్తుంది. పాత అద్దం ఊడాక ఆ కంతలోంచే నేను బయటికి పాకి రావాలి. వేరే దారి లేదు.

రెండేళ్ళ కింద ఒకసారి తోక్తోసున్ అన్న పరాకుగా నేను లోపలుండగానే కొత్త అద్దం పెట్టేశాడు. బజారంతా వచ్చి చూసి నవ్వింది. తలుపు సందులోంచి సమ్సాలు, అదే మా మాంసం సమోసాలు, అందించి, జంతువుల పార్కులో ఎలుగుబంటికి పెట్టినట్టు పెట్టారు. ఆ రోజు నుంచీ మాకొక కట్టుబాటు. అద్దం ఎత్తే ముందు ఆయన "బయటికొచ్చావా?" అనడగాలి, నేను "వచ్చా అన్నా" అనాలి. నా నోటితో అంటే తప్ప అద్దం కదలదు.

జనవరిలో ఒక రోజు పొద్దున్నే మామ్‌బెత్ అనే పెద్దాయన ఒక పాత ఆకుపచ్చ సెడాన్‌ని లారీ వెనక కట్టించి లాక్కొచ్చాడు. కారుకి బ్యాటరీ లేదు. వెనకద్దం చూస్తే నిక్షేపంగా ఉంది. చిన్న గీత కూడా లేదు. ఇదెందుకు మార్చడం పెద్దాయనా, డబ్బులు ఎక్కువయ్యాయా అని తోక్తోసున్ అన్న నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. పోయిన చలికాలం కనుమ దారిలో కొండ మీది మంచు విరిగి ఈ కారు మీద పడిందనీ, తన చిన్న కొడుకు తలాయ్ నాలుగు రోజులు దీనిలోనే ఉండిపోయాడనీ, తవ్వి తీసేసరికి వెనక సీట్లో, ఈ అద్దానికి మొహం ఆనించి ఉన్నాడనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో టోపీని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు.

"వాళ్ళమ్మ ఒక్కటే మాట అంటోంది నాయనా. ఆ అద్దం తీసేసి, ఒక్క రాత్రంతా అలా తెరిచి ఉంచమంటోంది. ఆ తర్వాత కొత్తది పెట్టండి. ఒక్క రాత్రి. మరిచిపోకండి."

అలాగే పెద్దాయనా అని నేనే మాటిచ్చాను. ఆ మాట నేనే ఇచ్చాను... ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆయన లారీ మలుపు తిరగకముందే, ఈ రోజే రెండు పనులూ కానిచ్చేద్దాం అన్నది కూడా నేనే. ఆ రోజు మా అమ్మాయి సెజిమ్ పుట్టినరోజు, దానికి ఐదేళ్ళు నిండుతున్నాయి. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటానని, కొవ్వొత్తులు నేను వచ్చాకే వెలిగించాలని దానికి మాటిచ్చాను. కారు తోక తెరిచి పెడితే రాత్రి కాపలా ఎవరుండాలి? నేనే. తెరిచి పెట్టామో లేదో ఆ ముసలాయనకి ఎవరు చెబుతారు? తోక్తోసున్ అన్న కాసేపు నసిగాడు. చివరికి, "నీ ఇష్టం రా ఎసెన్. మాటిచ్చింది నువ్వు," అని చేతులు దులుపుకున్నాడు.

పన్నెండింటికి మొదలుపెట్టాం. కరెంటు పోయింది. పక్క కంటైనర్ వాళ్ళ జనరేటర్ మీద హీటర్ పెట్టాం. అది ఆంబోతులా రంకెలేస్తోంది, అరిస్తే తప్ప గుమ్మం అవతలి మాట ఇవతలికి వినబడడం లేదు. నేను వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని, అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీలు తీద్దామని చెయ్యి పెట్టాను. పట్టీలు లేవు. ఎవరో పీకేశారు. కింద నల్లటి జిగురు కనబడుతోంది. దాని నిండా గీతలు. నాలుగేసి, పక్కపక్కన. మధ్యలో ఒకచోట విరిగిన గోరు ముక్క ఇరుక్కుని ఉంది. ఆ కుర్రాడు చేతులతో అద్దం ఊడదీయాలని చూశాడు. మేం ఉక్కు తీగతో కోసేదాన్ని గోళ్ళతో తవ్వాడు. అయినా గడియారం చూసుకుని తీగ దూర్చాను.

లాగడం మొదలైంది. ఆయన లాగితే నా వైపు తీగ కొసకున్న పిడి అద్దం వైపు పోతుంది, నేను లాగితే నా వైపు వస్తుంది. పై మూల దగ్గర జిగురు రాయిలా పట్టేసింది. చేతులు జారుతున్నాయి. చెమట తుడుచుకుందామని పిడి వదిలాను.

పిడి అద్దం దాకా వెళ్ళింది.

తిరిగి వచ్చింది.

నా చేతుల్లోకి కాదు... నా పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. నాకంటే బలంగా, ఆత్రంగా. అవతల తోక్తోసున్ అన్న అద్దం మీద తట్టి, శభాష్ అన్నట్టు బొటనవేలు చూపించాడు. నేను నోరు తెరిచేలోపే మూల కోసుకుపోయింది. అద్దం కదిలింది. ఆయనా, జనరేటర్ దుకాణం అతనూ కలిసి దాన్ని ఎత్తి గోడకి చేర్చారు. చల్లగాలి లోపలికి కొట్టింది.

అప్పుడే దూకేయాల్సింది. కాళ్ళు అందుకే లేచాయి కూడా. కానీ లోపలి వైపు పాత జిగురు చెక్కే పలకకత్తి ముందు సీటు కింద పడిపోయి ఉంది. అద్దెకు తెచ్చిన వస్తువు అది. దానికోసం వంగాను. తల సీట్ల మధ్య సందులో పెట్టి, చెయ్యి చాచి వెతుకుతున్నాను. అక్కడ తడిసిన ఉన్ని వాసన. నిలవ మంచు వాసన. వేడెక్కిన కంటైనర్‌లో, హీటర్ దగ్గర అలాంటి వాసన రాకూడదు.

నా వీపు మీద ఒక మోకాలు ఆనింది.

తర్వాత అరచెయ్యి. తర్వాత బరువంతా. ఎవరో నా మీదుగా కంత వైపు పాకుతున్నారు... మెల్లగా, పాకడం మరిచిపోయినవాడిలా. అరుద్దామని నోరు తెరిచాను. నోటి నిండా చలి నిండిపోయింది. గొంతు దాటి ఒక్క ముక్క రాలేదు. ఆ మనిషి వెళ్ళిపోయినా బరువు మాత్రం పోలేదు. వీపు మీద మంచు గడ్డ కట్టినట్టు అలాగే ఉండిపోయింది. వేలు కూడా కదపలేకపోయాను. మెడ పక్కకి తిరిగి ఉంది కాబట్టి వెనక కంతలో చిన్న ముక్క మాత్రం కనబడుతోంది.

కంత అంచు మీద జిగురు గొట్టం ముక్కు కదిలింది. ఆ తర్వాత తోక్తోసున్ అన్న కేక.

"బయటికొచ్చావా?"

"వచ్చా అన్నా."

అది నా గొంతే. ఆ నాలుగు అక్షరాలు నేను రెండేళ్ళుగా ఎలా సాగదీస్తానో అలాగే. కంతలోకి కొత్త అద్దం దిగింది. దాన్ని ఎత్తేందుకు అంటించే రబ్బరు గిన్నెల పిడులు రెండూ కనబడ్డాయి. ఎడమ పిడి మీద తోక్తోసున్ అన్న బొద్దు చెయ్యి. కుడి పిడి మీద సన్నటి చెయ్యి, నాలుగు వేళ్ళకీ గోళ్ళు లేవు.

బరువు తీసేసినట్టు పోయింది. నేను లేచి అద్దం మీద పడేసరికి అడ్డంగా టేపులు అంటించి ఉన్నాయి. గుమ్మం దగ్గర ఇద్దరి వీపులు. ఒకటి తోక్తోసున్ అన్నది. రెండోవాడు నా నీలం జాకెట్ తొడుక్కున్నాడు, మేకుకి నేను తగిలించుకున్నది, జేబు చిరిగినది, నా ఫోన్ ఉన్నది. వాడు ఆకాశం వైపు మొహం ఎత్తి నిలబడ్డాడు. తోక్తోసున్ అన్న వాడి భుజం తట్టి ఏదో అన్నాడు. ఇనప తలుపులు మూసుకున్నాయి.

చీకటి.

నేను పిరికివాణ్ణి కాదు. భయపడకు, అప్పుడే అతికించిన అద్దం, జిగురింకా పిండి ముద్దలా ఉంటుంది, భుజంతో తోస్తే ఊడిపోతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. తోశాను. కదల్లేదు. వీపు సీటుకి ఆనించి రెండు కాళ్ళతో తన్నాను. పదేళ్ళ జిగురులా ఉంది. అవతల నుంచి కొండంత బరువు ఆనినట్టు ఉంది. ముందు తలుపు తీసి అరచెయ్యి బయటికి పెట్టాను. జానెడు దూరంలో ఇనప గోడ తగలాలి.

మెత్తగా తగిలింది. చల్లగా. వేళ్ళు లోపలికి దిగిపోయాయి.

మంచు.

చెయ్యి లాక్కుని తలుపు మూసేశాను. జనరేటర్ చప్పుడు ఎప్పుడాగిందో తెలీదు. ఏ చప్పుడూ లేదు. అద్దం అవతల చీకటి పోయి, బూడిద రంగు తెలుపు... అన్ని అద్దాలకీ అదే తెలుపు. నా ఊపిరి లోపలి వైపు పొగలా పట్టి గడ్డకడుతోంది. అప్పుడర్థమైంది, ఆ కుర్రాడు నాలుగు రోజులు చూసింది ఇదేనని. ఒక్క రాత్రి తెరిచి ఉంచితే పోయేదానికి నేను అతన్ని లోపల పెట్టి మూసేద్దామనుకున్నాను. ఏడ్చాను. దాచేదేముంది, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నాలుగింటికి కొవ్వొత్తుల ముందు కూర్చుని గుమ్మం వైపు చూసే సెజిమ్ మొహం ఒక్కటే కళ్ళ ముందు మెదిలింది. ఇక్కడే పోతే దాని ప్రతి పుట్టినరోజూ నా దినమే అవుతుంది అనిపించింది. గోళ్ళతో జిగురు తవ్వడం మొదలుపెట్టాను. నా ప్రమేయం లేకుండానే నా వేళ్ళు ఆ పాత గీతల్లోకే వెళ్ళి కూర్చున్నాయి...

ఇనప తలుపు కిర్రుమంది. వెలుతురు. జనరేటర్ రొద మళ్ళీ చెవుల్లో పడింది. తెలుపు లేదు, మంచు లేదు. తోక్తోసున్ అన్న గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు... ఇంటికెళ్ళావుగా. నేనే మినీబస్సు ఎక్కించి వచ్చాను."

అద్దం కొట్టాను. తియ్యి అన్నా అని మొత్తుకున్నాను. ఆయన తీయలేదు. నేను నేనేనా అని తేల్చుకోవడానికి, తనకి ఏ చెవి వినపడదో చెప్పమన్నాడు. ఎడమది, మీ ఆవిడకి కూడా నువ్వు చెప్పలేదు అన్నాను. అప్పుడు వచ్చి అద్దం మీద చెయ్యి వేశాడు. జిగురు నిజంగానే పిండి ముద్దలా ఉంది. ఒక్క తోపుకి ఊడొచ్చింది.

గడియారం చూస్తే నాలుగున్నర. ఆయన ఫోన్ లాక్కుని ఇంటికి చేశాను. నా భార్య జిపార్ ఎత్తింది. "నేనే," అన్నాను.

"అన్నతో కలిసి ఆటపట్టిస్తున్నావా? లోపలి గదిలో పడుకున్నావుగా ఇప్పుడే," అంది.

వెనక ఎక్కడో సెజిమ్ నవ్వుతోంది. నీ చేతులు చల్లగా ఉన్నాయి నాన్నా అంటోంది.

"జిపార్," అన్నాను, గొంతు తగ్గించి. "చెప్పులు కూడా వేసుకోవద్దు. పిల్లనెత్తుకుని మెట్లు దిగి కిందికి రా."

నా గొంతులో ఏం విందో గాని ఆవిడ వెంటనే ఫోన్ పెట్టేసింది. నేను టాక్సీలో వెళ్ళేసరికి ఇద్దరూ వట్టి కాళ్ళతో పక్కింటి ముసలమ్మ దుప్పటి కప్పుకుని మెట్ల కింద నిలబడి ఉన్నారు. సెజిమ్‌ని గుండెకి అదుముకున్నాను. అది వెచ్చగా ఉంది. అంతవరకు చాలనుకున్నాను. తోక్తోసున్ అన్న ఇనపకడ్డీ పట్టుకుని నాతో పాటు పైకి వచ్చాడు. నాలుగో అంతస్తు. లోపలి గది ఖాళీ. మంచం మీద నా జాకెట్ మడత పెట్టి ఉంది, తడిగా. కిటికీ గడియ వేసే ఉంది. జిపార్ మెట్ల కిందనే నిలబడి ఉంది కదా, ఎవరూ దిగి రాలేదని ఒట్టేసి చెప్పింది.

ఆ రాత్రి ఆకుపచ్చ కారు వెనక తెరిచే ఉంచాం. మర్నాడు మామ్‌బెత్ పెద్దాయన వచ్చాడు. ఒక రాత్రి ఉంచారా అనడిగితే తోక్తోసున్ అన్న తల ఊపాడు. పెద్దాయన వెనక సీటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "వెళ్ళిపోయాడు," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్ళాడో నేను చెప్పలేకపోయాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మా ఇంట్లో చప్పుడు లేదు, వాసన లేదు, ఏమీ లేదు. ఒక్కటే. సెజిమ్ రోజూ పడుకునే ముందు లోపలి గది కిటికీ వేలెడంత తెరుస్తుంది. గడ్డకట్టే చలిలో కూడా. కొత్త అద్దం పెట్టాక కారు కిటికీ ఒకటి వేలెడంత తెరిచి ఉంచాలని, లేకపోతే తలుపు వేసినప్పుడు లోపలి గాలి అద్దాన్ని తోసేస్తుందని మా పనిలో ఒక నియమం ఉంది. కానీ నేను ఇంట్లో పని మాట ఎత్తను. ఎవరు చెప్పారమ్మా అనడిగాను.

"నువ్వే చెప్పావుగా నాన్నా, నా పుట్టినరోజు నాడు. లోపలున్నవాళ్ళకి ఊపిరాడాలి అన్నావు."

నేను కిటికీ మూసి గడియ వేశాను. తెల్లారి చూస్తే గడియ వేసినట్టే ఉంది. కానీ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు మీద గీతలున్నాయి. నాలుగేసి, పక్కపక్కన.

లోపలి వైపు.