ఎదురింటి గాదె

పొద్దున్నే, రోజూలాగే, ఇంటి గోడ కనకమ్మగారిని పలకరించి, నీళ్ళ వాటా ఎంత మిగిలిందో చెప్పి, వంటింటి దీపాల కింద గోంగూర కోతకొచ్చిందని కూడా చెప్పింది. ఆవిడ చూపంతా నట్టింట్లో బల్ల మీద పెట్టిన పెట్టె మీదే ఉంది.

అంగారక గ్రహం మీద ఎర్రమిట్ట అనే ఊళ్ళో, నేల కింద తొలుచుకున్న ఇళ్ళ వరసలో, అలాంటి పెట్టె అడుగుపెట్టిన మొదటి ఇల్లు అదే.

"ఇంతేనా? కూజా అంత కూడా లేదు. దీనికోసమా నువ్వు ఇన్నేళ్ళు తిండీ నిద్రా మానుకున్నావు?" అంది కోడలితో.

"చిన్నదే అత్తయ్యా. కానీ ఇంటిల్లిపాదీ వందేళ్ళు మాట్లాడినా నిండదు," అంది హైమ.

"ఇంటిల్లిపాదీ ఎందుకూ, నేనొక్కదాన్నే మాట్లాడతాను, అప్పుడు చూద్దాం."

హైమ నవ్వింది. ఆమెకు ఆ ఉదయం ఏం చెప్పినా నవ్వే వస్తోంది. ఆ పెట్టెకు 'గాదె' అని పేరు పెట్టింది ఆమే. ధాన్యాన్ని ఎవరింట్లో వాళ్ళు గాదెలో పోసుకున్నట్టు, జ్ఞాపకాలను కూడా ఎవరింట్లో వాళ్ళు దాచుకోవాలని ఆమె ఆలోచన.

ఎర్రమిట్టలో ఇంటి గోడలే అన్నీ పట్టి ఉంచుతాయి. ఇంట్లోవాళ్ళ మాట, పాట, నవ్వు, బొమ్మ అన్నీ తీగల వెంట ఊరి మధ్యనున్న ఉమ్మడి నిల్వకు వెళ్ళేవి. అది పెద్ద డేటా సెంటర్. ఊరంతటికీ ఒక్కటే. కొన్నేళ్ళ కిందట దుమ్ము తుఫాను వచ్చింది. ఇక్కడి దుమ్ము రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని విద్యుత్తును పోగుచేసుకుంటాయి. ఆ విద్యుత్తు మెరుపై దిగి ఉమ్మడి నిల్వను కాల్చేసింది. ఊరి మొత్తానికి గతమంటూ లేకుండా పోయింది.

అప్పటికి హైమ కూతురు మిన్ను నడక నేర్చిన పిల్ల. ఇక్కడి తక్కువ గురుత్వంలో పిల్లలు నడవడం కంటే ముందు ఎగరడం నేర్చుకుంటారు. మిన్ను మొదటిసారి ఎగిరి, తండ్రి భుజం దాటిపోయి, గాల్లోనే భయపడి కిలకిలా నవ్విందట. 'అట' అనే చెప్పుకోవాలి ఇప్పుడు. దాని బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. "ఎలా నవ్వానమ్మా?" అని మిన్ను అడిగినప్పుడల్లా హైమ చెప్పలేక చెప్పేది. ఆ నవ్వు తనకూ మసకబారుతోందని ఆమె భయం. ఆ తర్వాత ఈ నాలుగేళ్ళలో పోగైన మిన్ను మాత్రం మళ్ళీ పోకూడదు. గాదె పుట్టింది అందుకే.

కనకమ్మగారు పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ దొరకని చోటు కాబట్టి గుమ్మడి పిందె ఒకటి తిప్పి పక్కన పెట్టింది. హైమ మీట నొక్కగానే పెట్టె అంచున లేత పచ్చ వెలుగు పాకింది.

"నమస్కారం. నేను ఈ ఇంటి గాదెను. ముందు ఇంట్లోవాళ్ళ గొంతులు తెలుసుకోవాలి. ఒక్కొక్కరే మీకు తోచినట్టు మాట్లాడండి."

కనకమ్మగారు పమిట సర్దుకుని, గొంతులో పంచదార కలిపింది. "నమస్కారమండీ. నా పేరు కనకమ్మ అంటారండీ. తమరు కులాసాగా ఉన్నారని తలుస్తానండీ."

"గుర్తుంచుకున్నాను. సంతోషం," అంది గాదె.

మిన్ను వేలితో పచ్చ వెలుగును తాకబోయింది. "ఒసే మిన్నూ! ఆ జిడ్డు చెయ్యి దానికి తగిలిందో, చూడు మరి!" అని కసిరింది కనకమ్మగారు.

"ఇంట్లోకి కొత్త మనిషి ఎవరో వచ్చారు. వారి పేరు చెప్పండి," అంది గాదె.

మిన్ను నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. ఆవిడ అసలు గొంతు ఏదో గాదెకు అర్థమయ్యేలా చెప్పేసరికి హైమకు తాతలు దిగివచ్చారు.

తర్వాత, తుఫాను పోయాక మళ్ళీ కట్టిన ఉమ్మడి నిల్వలోంచి వాళ్ళ ఇంటి సరుకు గాదెలోకి ప్రవహించడం మొదలైంది. గోడ మీద బొమ్మలు ఏరులా పరుగెత్తాయి. మిన్ను బడికి వెళ్ళిన మొదటి రోజు, ఉత్తర ధ్రువంలో మంచు గనుల్లో పనిచేసే తండ్రితో అది పాడిన పాట, అత్తయ్య ఆవపెట్టిన కూర చేసే తీరు. ఇన్నేళ్ళు కాగితం మీదా కొలబద్దల మీదా చూసింది ఇదిగో, తన నట్టింట్లో పొంగుతోంది.

"ఒక్క మాట," అంది గాదె. "జ్ఞాపకాలు దాచే నా ఉప్పు స్ఫటికంలో చోటు ఎక్కువే గాని, దానికి మెరుపంటే పడదు. నాలో ఉన్నదానికి నకలు ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. తీగ పొడవైతే మెరుపును పిలుస్తుంది కాబట్టి దగ్గరి ఇల్లు మేలు. ఎదురింట్లో కూడా గాదె పెట్టాక దానితో జత కట్టమంటారా?"

సరిగ్గా అప్పుడే ఎదురింటి రాజ్యలక్ష్మిగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఊరి సభలో ఈ జత పద్ధతిని మొదటినుంచీ కాదన్నది ఆవిడే.

"విన్నాలే అమ్మాయ్. మా ఇంటి మాటలు మీ ఇంట్లో, మీ ఇంటి మాటలు మా ఇంట్లో. ఇంక తలుపులెందుకు, తీసేద్దాం."

"మీ నకలు మా ఇంట్లో ఉన్నా మేం తెరవలేం రాజ్యంగారూ. ఇదిగో, తాళపు రాయి." హైమ చింతగింజంత నల్లరాయిని అరచేతిలో పెట్టి చూపించింది. "ఇది లేకుండా ఈ గ్రహం మీద ఎవరూ తెరవలేరు. చేసినదాన్ని, నేనే తెరవలేను."

"ఒట్టు?"

"ఒట్టు."

రాజ్యలక్ష్మిగారు రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "సరే, మొదలంటూ పెట్టావుగా. మాకూ ఒకటి పట్రా."

ప్రతి గాదెతోనూ రెండు రాళ్ళు వస్తాయి. ఒకటి వాడుకకు, ఒకటి అదనానికి. అదనపు రాయిని ఊరి కార్యాలయంలోని అరలో దాచాలని హైమ ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఎక్కడైనా పెట్టండి, నకలు దాచిన ఇంటివాళ్ళకు మాత్రం ఇవ్వకండి. పెట్టే తాళంచెవీ ఒకచోటే ఉంటే ఇంక తాళం దేనికి?" అందరూ బుద్ధిగా తలూపారు. తమ ఇంటి రాయిని కార్యాలయంలో ఇచ్చి రమ్మని అత్తగారికి అప్పగించింది. "అలాగేలే," అంది కనకమ్మగారు.

ఆ రుతువు తిరిగేలోగా ఇంటింటికీ గాదె వచ్చింది. బొట్టు పెట్టని గాదె ఊళ్ళో లేదు. హైమతో కలిసి పనిచేసిన పెద్ద శాస్త్రవేత్త పాపారావుగారు వీధిలో కనబడితే పిల్లలు వెంటపడి, తమ గాదెకు ఏం పేరు పెట్టారో చెప్పేవాళ్ళు. ఇక కావలసింది ఒక తుఫానే. తన పనితనం తెలిసేది అప్పుడే. హైమ దానికి భయపడింది, దానికోసం ఎదురూ చూసింది.

తుఫాను రానే వచ్చింది. నేల మీద దుమ్ము గర్జిస్తుంటే ఇళ్ళల్లో దీపాలు వణికాయి. హైమ ఒక్కచోట నిలవలేకపోయింది. పైన నేల మీద పాతిన లోహపు స్తంభంలో ఎంత విద్యుత్తు పోగవుతోందో కొలవాలనే ఆత్రం. స్తంభం నుంచి తీగ లాగి తన ఇంటి గాదెకే తగిలించింది. తాళపు రాయి కూడా దానిలోనే ఉండిపోయింది. అంకెలు ఎగబాకుతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఫెళ్ళుమంది. పచ్చ వెలుగు ఆరిపోయింది. ఉప్పు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

"గాదే," అని పిలిచింది హైమ. పలకలేదు. రాయిని లాగితే బొగ్గులా పొడి అయి చేతికంటింది.

తుఫాను తగ్గగానే పాపారావుగారి గొంతు గోడలోంచి వచ్చింది. "హైమా, ఊళ్ళో గాదెలన్నీ భేషుగ్గా ఉన్నాయమ్మా! ఒక్కటీ పోలేదు! కార్యాలయం మాత్రం కాలిపోయింది. అరలో రాళ్ళు బూడిదే. అదనపు రాళ్ళే కదా, ఏం ఫరవాలేదు. మీ ఇంట్లో అంతా బాగేనా?"

మిన్ను బతుకంతా ఎదురింట్లో భద్రంగా ఉంది. తెరిచే రాయి మాత్రం రెండు చోట్లా కాలిపోయింది. ఎవరూ పగలగొట్టలేని తాళాన్ని తనే చేసింది. ఎంత గట్టిదో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"మళ్ళీ పోయానా అమ్మా నేను?" అంది మిన్ను.

ఆ మాటకు హైమ రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

కనకమ్మగారు కాసేపు గోడకేసి చూసింది, కాసేపు గోంగూరకేసి చూసింది. "ఏడవకే. రాయి కార్యాలయంలో లేదు."

"మరి?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎదురింటి వదిన దగ్గర."

"అత్తయ్యా! ఎవరికి ఇవ్వొద్దన్నానో వాళ్ళకే..."

"ఇంటి తాళం ఒకటి ఎదురింట్లో ఇవ్వకుండా నేనెన్నడైనా గడప దాటానా? కార్యాలయంలో ఎవరున్నారు, మనవాళ్ళా? వదినైతే అడగ్గానే ఇస్తుంది. వాళ్ళదీ నా దగ్గరే ఉంది. నువ్వేదో అంటావని చెప్పలేదు."

హైమ తిట్టాలనుకుంది. కాళ్ళు ఆగలేదు. ఎదురింటి తలుపు తట్టేలోపే తెరుచుకుంది. రాజ్యలక్ష్మిగారు అప్పటికే కొంగు ముడి విప్పుతోంది. రాయి తన చేతిలో పడ్డాక గాని హైమ ఊపిరి పీల్చలేదు. అప్పుడు అనుమానం వచ్చింది.

"రాజ్యంగారూ, దీన్ని ఎప్పుడైనా..."

"తెరిచాను. అబద్ధం ఎందుకూ? ఒక్కసారే."

"ఏం చూశారు?"

"నా పేరు వెతికాను. మీ ఇంట్లో నన్ను ఏమనుకుంటారో వినొద్దూ?"

"ఏం... దొరికింది?"

"నీ మాటే దొరికింది. 'రాజ్యంగారు సభలో నోరు తెరిస్తే గాలి యంత్రాలు ఆపేయొచ్చు, ఊరంతటికీ ఆవిడ గాలి సరిపోతుంది' అన్నావు." ఆవిడ మూతి బిగించి, అంతలోనే ఫక్కున నవ్వేసింది. "మా ఆయనకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. పోనీలే, మీ అత్తగారు నా టమాటా పచ్చడిని మెచ్చుకుంది కూడా విన్నాను. చెల్లుకు చెల్లు. రా, ముందు పిల్లని బయటికి తీద్దాం."

ఎదురింటి గోడ మీద మిన్ను బడికి వెళ్ళింది, తండ్రితో పాడింది, పాట మధ్యలో తుమ్మింది. అన్నీ ఉన్నాయి. అసలు మిన్ను, గోడ మీది మిన్నుతో పోటీపడి పాడుతూ పైకప్పు అందేలా ఎగిరింది. హైమ దాన్ని గాల్లోనే పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

ఆ సాయంత్రం వీధి వీధంతా గోలగోల. చెప్పినట్టు చేసింది ఊళ్ళో పాపారావుగారొక్కరే. మిగతా అందరూ అదనపు రాయిని ఎదురింట్లోనే ఇచ్చుకున్నారు. తుఫానులో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు ఏమీ తోచక అందరూ ఎదురింటివాళ్ళ నకలు తెరిచారు. నగలెక్కడ దాచారో, కొట్లాటలెందుకొచ్చాయో ఎవరికీ పట్టలేదు. అందరూ వెతికింది ఒక్కటే, ఎవరి పేరు వాళ్ళు.

"నాది బండ గొంతా? మీ పెళ్ళిలో పాడమని బతిమాలింది ఎవరమ్మా?" అని ఒక ఇంటి ముందు. "నా కూతురి తెలివి ఇంకెవరికీ రాదన్నావటగా బావా, నా మొహం మీద ఒక్కనాడూ అనవేం?" అని ఇంకో ఇంటి ముందు.

పాపారావుగారు అరుగు మీద కూలబడి నవ్వుతున్నారు. "ఆ తాళం కోసమే కదమ్మా మన జుట్టు నెరిసింది!"

"మీరు నవ్వండి సార్. నాకు సిగ్గుగా ఉంది," అంది హైమ. "చేతిలో తాళం ఉన్నంత మాత్రాన తెరిచేయడమేనా? నేనైతే తెరిచేదాన్ని కాదు."

"ఊఁ," అన్నారాయన.

కొత్త గాదె వచ్చింది. ఎదురింటి నుంచి హైమవాళ్ళ సరుకంతా తిరిగి పోసుకున్నారు. రాజ్యలక్ష్మిగారి ఇంటి నకలు కూడా దానిలోకి చేరింది. వాళ్ళ రాయిని కనకమ్మగారు ఇప్పుడు దాచడం కూడా మానేసింది. వంటింట్లో మేకుకు దారం కట్టి వేలాడదీసింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అత్తగారు, మిన్ను దీపాల తోటకు వెళ్ళారు. హైమ కొత్త గాదె అంచు తుడిచింది, మళ్ళీ తుడిచింది. నకలు సరిగా చేరిందో లేదో పరీక్షించాల్సిన బాధ్యత తనదేగా అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి మేకు మీది రాయిని తీసింది.

"ఎదురింటి నకలు తెరుచుకుంది. ఏం వెతకమంటారు?" అంది గాదె.

హైమ గొంతు బాగా తగ్గించింది. "హైమ."

ఎదురింటి వంటగది చప్పుడు వినిపించింది. గిన్నె మూత, తాలింపు. రాజ్యలక్ష్మిగారి భర్త గొంతు. "అదనపు రాయి వాళ్ళకే ఇచ్చావా? ఈ పెట్టెను చేసింది ఆ హైమే కదా. తెరిచి చూస్తే?"

"కనకం వదిన సంగతి చెప్పలేను," అంది రాజ్యలక్ష్మిగారు. "హైమ మాత్రం చూడదు. ఆ పిల్ల అలాంటిది కాదు."

తాలింపు చిటపటలాడి ఆగింది. హైమ చెవులు వేడెక్కాయి. చెయ్యి రాయి దాకా వెళ్ళింది.

"ఈ పేరు మీద ఇంకా చాలా ఉన్నాయి," అంది గాదె. "వినిపించమంటారా?"

హైమ వీధివైపు చూసింది.

"ఉండు," అంది. "తలుపు వేసి వస్తాను."