రోజుకో మిల్లీమీటరు

“మేడమ్, మీ కుడిపాదం చప్పుడు చేస్తోందండీ.”

నందిగామ డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్ భార్గవ, లైబ్రేరియన్ వాగ్దేవితో అన్న మొట్టమొదటి మాట అది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నూటపద్దెనిమిది కిలోలున్నన్నాళ్ళూ లోకమంతా ఆమె ఒంటికి వంకలు పెట్టింది. విజయవాడలో పొట్టకి ఆపరేషన్ చేయించుకుని, ఏడు నెలల్లో నలభై ఐదు కిలోలు తగ్గింది. ఇప్పుడేమో పాదం దొరికిందన్నమాట!

“మీరు పాఠం చెప్పడానికొచ్చారా, నా నడక చూడ్డానికొచ్చారా?”

“రెండూ చేయగలనండీ,” అన్నాడతను అమాయకంగా.

నాలుగోరోజు వానలో జగ్గయ్యపేట బస్సు ఎక్కుతుంటే ఆమె కుడిచెప్పు జారి కిందే ఉండిపోయింది. ఆమెకి తెలియనే లేదు. భార్గవ బైకు మీద బస్సు వెంటపడి, ఊరి చివర ఆపించి, కిటికీలోంచి చెప్పు అందించాడు. నిలువునా తడిసిపోయాడు.

“చెప్పు ఊడినా తెలియకపోవడం మామూలు విషయం కాదండీ. డాక్టరుకి చూపించండి.”

ఈసారి ఆమెకి కోపం రాలేదు. భయమేసింది.

నరాల డాక్టరు ఆమె మోకాలి పక్కన వేలితో తట్టాడు. పాదం దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంది.

“పాదాన్ని పైకి లేపే నరం ఇక్కడ చర్మం కిందే, ఎముకని ఆనుకుని వెళ్తుందమ్మా. ఇన్నాళ్ళూ కొవ్వు దానికి మెత్తలా అడ్డముంది. ఇప్పుడది కరిగిపోయింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారా?”

వాగ్దేవి తల దించుకుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి కాలు మీద కాలు వేయడం కుదిరింది. ఆ మురిపెంతో ఇంట్లో, బస్సులో, లైబ్రరీలో గంటల తరబడి అలాగే కూర్చుంది. బాగానే ఉన్నాను కదా అని, ఆపరేషన్ తర్వాత వాడమన్న విటమిన్ మాత్రలు కూడా మానేసింది.

డాక్టరు విటమిన్ ఇంజెక్షన్లు, పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ పట్టీ, ఫిజియోథెరపీ రాశాడు. “నలిగిన నరం మళ్ళీ రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందని హామీ ఇవ్వలేను,” అన్నాడు.

ఆ సంగతి వినగానే భార్గవ కళ్ళు ఇంతలయ్యాయి. “ఎవరూ చూడకుండా, రోజుకో మిల్లీమీటరా! దారి దానికెలా తెలుసండీ?”

అప్పటిదాకా వాగ్దేవి తన ఒంటిని శత్రువులాగే చూసింది. దాన్ని తలుచుకుని ఒక మనిషి ఇలా ఆశ్చర్యపోవడం ఆమెకి కొత్త. ఇంటికెళ్ళి మోకాలి పక్కన చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చుంది. లోపల ఏదో తనకోసం పనిచేస్తోందంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ తర్వాత ఆమె మరిచిపోయి కాలు మీద కాలు వేస్తే చాలు, పుస్తకాల బీరువాల వెనకనుంచి “గ్రావిటీ, మేడమ్!” అని వినిపించేది. ఆమె నవ్వుకుంటూ కాలు దించేది.

మూడో నెలలో ఒక శుక్రవారం, బయట వాన కురుస్తుండగా, భార్గవ ఆమె బల్లముందు నిలబడ్డాడు.

“మనం పెళ్ళి చేసుకుందామాండీ?”

“నా పాదం లేచాక అడగండి. ఇప్పుడైతే జాలిపడి చేసుకున్నట్టుంటుంది.”

“లేచాక అడిగితే, లేస్తుందో లేదో చూసి అడిగినట్టుంటుంది కదండీ! అందుకే ఇప్పుడే అడిగా. జవాబు మీకు తోచినప్పుడు చెప్పండి.”

వాగ్దేవి చేతిలోని పుస్తకం మీద ఒకే ముద్ర రెండుసార్లు వేసింది.

ఆదివారం పొద్దున్న జగ్గయ్యపేటలో, పట్టీ విప్పి, మంచం మీద కాళ్ళు చాపుకుని, రోజూలాగే పాదాన్ని లేపడానికి ప్రయత్నించింది. కుడి బొటనవేలు కదిలింది. గోరంత! ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ లేచింది.

“అమ్మా!”

తల్లి బాలాత్రిపురసుందరి వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. వేలు చూసి, గరిటెతోనే చేతులు జోడించింది.

ఫోను అందిన గంటకల్లా భార్గవ వచ్చేశాడు. మంచం పక్కన నేలమీద మోకరిల్లి చూశాడు. వేలు మళ్ళీ లేచింది. “అబ్బ!” అన్నాడంతే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీరడిగిన రోజే సరే అనుకున్నా,” అంది వాగ్దేవి. “ఇది లేవకముందే చెప్పాలని, రేపు కాలేజీలో చెప్దామని ఆగా. నాకంటే ఇదే తొందరపడిందండీ.”

బాలాత్రిపురసుందరి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళొత్తుకుంది. “అమ్మాయి సరే అంది కదా బాబూ, లేచి కుర్చీలో కూర్చో. మీ అమ్మగారి నంబరివ్వు.”

భార్గవ లేవలేదు.

“ఒక్క నిమిషమండీ. ఇంకొక్కసారి చూస్తా.”