జాడీకి చెప్పిన అబద్ధం

యానాంలో పాత చర్చి వెనక సందులోకి తిరిగితే శీతాకాలంలో దారి అడగక్కర్లేదు, ముక్కే చూపిస్తుంది. పులిసిన ద్రాక్ష, తడిసిన గోనెసంచి కలిసిన వాసన. ఆ వాసన ఎక్కడ గుప్పుమంటే అదే ఫిలోమినమ్మ ఇల్లు. తెల్లదొరల కాలంలో ఆ ఇంటి ముత్తాత ఫాదర్ల వంటింట్లో పనిచేసి ద్రాక్షరసం పెట్టడం నేర్చుకున్నాడట. అప్పటినుంచి అమ్మకానికి కొన్ని జాడీలు, చర్చిలో పూజకు ఒక జాడీ పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. పూజ జాడీలో నల్లద్రాక్ష తప్ప పంచదార పలుకు కూడా పడకూడదు. క్రిస్మస్ వెళ్లేదాకా ఇంటివాళ్లెవరూ ఏ జాడీలోదీ చుక్క నోట్లో వేసుకోకూడదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఇంట్లో ఎవరు పోయినా, మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఇంటి పెద్ద జాడీల గదిలోకి వెళ్లి, ఒక్కో జాడీనీ వేలి కణుపుతో తట్టి, పోయిందెవరో, ఎలా పోయారో చెప్పాలి. ద్రాక్షరసానికి ఊపిరి ఉంటుందనీ, ఇంటి చావు దాచిపెడితే అది విరిగిపోతుందనీ వాళ్ల నమ్మకం.

"జాడీతో అబద్ధమాడకండిరా. మనిషైతే మర్చిపోతాడు. అది పులుస్తూనే కూర్చుంటుంది" అనేది ఫిలోమినమ్మ.

ఈ డిసెంబరులో పోయింది ఫిలోమినమ్మే.

ఆ సాయంత్రం గోదావరి మీదనుంచి ఈదురుగాలి కొడుతోంది. కరెంటు పోయింది. కొడుకు అమ్మిరాజు కొవ్వొత్తి పట్టుకుని జాడీల గది గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల అతని భార్య మార్త, పక్కింటి కామాక్షమ్మ. ఏటా ఫిలోమినమ్మ పక్కన కూర్చుని ద్రాక్షగుత్తులు ఒలిచిన మనిషి కామాక్షమ్మ. వేరే దేవుడికి మొక్కినా ఈ గది మర్యాదలన్నీ ఆవిడకు తెలుసు.

లోపల జాడీలు బుడబుడమంటున్నాయి, మూత కింద అన్నం ఉడుకుతున్నట్టు.

"అలా నిలబడిపోయావేంట్రా? కొత్త పెళ్లికూతుళ్లా అవి, సిగ్గుపడ్డానికి?" అంది కామాక్షమ్మ. అని, కొంగుతో కళ్లొత్తుకుంది.

సిగ్గన్న మాట అమ్మిరాజుకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

ఎందుకంటే, తల్లి ఎలా పోయిందో అతనొక్కడికే తెలుసు. మొన్న మధ్యాహ్నం మార్త దరియాలతిప్పలో చుట్టాలింటికి వెళ్లింది. ముందుగదిలో కాకినాడనుంచి బేరానికొచ్చిన వాళ్లు కూర్చున్నారు. వాళ్లకు రుచి చూపించే నెపంతో తనూ ఓ గ్లాసు పట్టించాడు. ఆ తర్వాత ఇంకోటి. వెనకగదిలో మంచంమీదున్న ఫిలోమినమ్మ ఇనప పట్టీమీద స్టీలు గ్లాసుతో కొట్టింది. టక్ టక్ టక్. గొంతు లేవని మనిషి మంచినీళ్లకు చేసే పిలుపు అది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అని అడిగాడొక బేరగాడు.

"మా అమ్మండి. పూజ గంట కొడుతోంది. మోకరించండి, మోకరించండి!" అన్నాడు అమ్మిరాజు. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు.

తర్వాత వెళ్లి చూస్తే ఏముంది? పొడిగ్లాసు పట్టుకున్న చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. ఆ గ్లాసు చూసే ధైర్యం లేక, శవపేటిక మూసేముందు ఎవరూ చూడకుండా తల్లి తలకింద దోపేశాడు. మేకులు దిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తప్పు తాగినప్పుడు ఒకటి. దాచినప్పుడు రెండోది. మూడోది చెయ్యడానికే ఇప్పుడు గదిలోకి నడిచాడు.

మొదటి జాడీ తట్టాడు. "అమ్మ పోయింది. నిద్రలో పోయింది. ఏ బాధా పడలేదు."

జాడీలో బుడబుడ ఆగిపోయింది.

రెండోది తట్టాడు. అదే మాట. అదీ ఆగింది. ఆ తర్వాతది... దాని తర్వాతది... నోరు నొక్కేసినట్టు ఒక్కొక్కటే చప్పబడిపోయాయి. గాలి కూడా ఆగింది. ద్రాక్ష వాసన ఏమైందో ఏమో, కొత్తగా తవ్విన మట్టి వాసన వస్తోంది.

మూలనున్న పూజ జాడీ ఒక్కటే మిగిలింది. అతని చెయ్యి ఇంకా దాన్ని తాకలేదు.

టక్... టక్... టక్...

లోపలనుంచి.

"ఏమండీ..." అంది మార్త. "అది... అత్తయ్య పిలుపు కదూ?"

"ఎలుక..."

"ఎలకా లేదు, పిల్లీ లేదు" అని గొణిగింది కామాక్షమ్మ. "ఒరే నాయనా... ఎలా పోయిందో సరిగ్గా చెప్పు."

చెప్పొచ్చు. తలుపు వేసే ఉంది. ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ అయినవాళ్లే. కానీ ఆ మాట పెదవిదాకా వచ్చి ముల్లులా అడ్డం పడింది.

"నిద్రలోనే" అన్నాడు.

టక్ టక్ టక్ టక్...

మార్త అతన్ని పక్కకు తోసి జాడీ మూతి గుడ్డ విప్పింది. కొవ్వొత్తి దగ్గరికి పెట్టింది.

ఎరుపు లేదు. నిండా నీళ్లు. అడుగుదాకా కనిపించే తేటనీళ్లు. అడుగున నిలబెట్టినట్టు ఒక స్టీలు గ్లాసు.

"అత్తయ్య గ్లాసు... ఇల్లంతా వెతికాను కదండీ... ఇందులోకెలా వచ్చింది?"

అమ్మిరాజు నేలమీద కూలబడ్డాడు. "పెట్టెలో పెట్టాను. నేనే పెట్టాను. అమ్మ నీళ్లకు పిలిచింది. విన్నాను. లేవలేదు."

కామాక్షమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. అంతకన్నా పెద్ద తిట్టు ఆ ఇంట్లో అతనెప్పుడూ తినలేదు.

మెల్లగా ఒక జాడీ బుడబుడమంది. ఆపైన ఇంకొకటి. గదంతా మళ్లీ ఊపిరి తీసుకుంది. పూజ జాడీ మాత్రం... టక్. ఒక్కసారి. ఇంకా వింటున్నట్టు.

"ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది మార్త.

లేవనందుకు క్షమాపణ దొరుకుతుందేమో. నవ్వించినందుకు? తల్లి ఆఖరి పిలుపును పరాయివాళ్ల ముందు వేళాకోళం చేసినందుకు? ఆ ఒక్కటీ అతను ఏ నోటితో చెప్పగలడు!

"ఏం లేదు" అన్నాడు.

మర్నాడు మార్త ఆ నీళ్లు తీసుకెళ్లి అత్తగారి సమాధిమీద పోసింది. గ్లాసు అక్కడే మట్టిలో పూడ్చింది. భర్తతో మాట్లాడటం మానేసింది.

క్రిస్మస్ నాడు పొద్దుటి పూజకు చర్చి కిటకిటలాడుతోంది. తాతల కాలంనుంచి మొదటిసారి బయటనుంచి తెప్పించిన ద్రాక్షరసం బలిపీఠమెక్కింది. అమ్మిరాజు వెనక బల్లలో తలవంచుకుని మోకరించాడు. పక్కన చోటు ఖాళీగా ఉంది. మార్త వేరే వరసలో కూర్చుంది.

ఫాదర్ గారు ద్రాక్షరసం పాత్ర పైకెత్తారు. పూజ గంట మోగే సమయం.

టక్ టక్ టక్.

ఇనుముమీద స్టీలు. చర్చి అంతటికీ వినబడింది. పీఠం దగ్గర గంట కొట్టే ఆయన తన చేతివైపు చూసుకున్నాడు. గంట ఇంకా నేలమీదే ఉంది.

ఫాదర్ గారు పాత్ర దించలేదు. ఎవరో లేవాలని కాచుకున్నట్టు అలాగే నిలబడిపోయారు.

టక్ టక్ టక్.

ఒక తల వెనక్కి తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరసలకు వరసలే. మార్త కూడా తిరిగింది.

అంతమంది మోకరించిన చోట అమ్మిరాజు ఒక్కడే లేచి నిలబడ్డాడు. చప్పుడు ఆగింది. నోరు తెరిచాడు. తెరిచి, ఆ ఊరందరి కళ్లలోకీ చూసి... మళ్లీ మూసుకున్నాడు.

బల్లమీద, అతని పక్క ఖాళీ చోటున, గ్లాసు అడుగంత గుండ్రటి తడి ఉంది. అతను చూస్తుండగానే దాని పక్కన ఇంకోటి పడింది. అతనికి కాస్త దగ్గరగా.