ఆకలి లేకపోవడానికి కారణం

మొదటి నెల అయ్యాక నా డైరీ తిరగేసి ఆమె అడిగింది: “నెల రోజుల తిండీ ఒకే పెన్నుతో, ఇవాళే రాశారు కదూ?”

నేను సిటీ బస్సు డ్రైవర్ని. ముప్పై ఒకటో ఏట షుగర్ బయటపడింది. బరువు నూట నాలుగు కిలోలు. ఇదే జబ్బుతో నాన్నకు కాలు తీసేశారు. ఆ భయంతోనే, ఆసుపత్రిలో కొత్త ఇంజెక్షన్ మీద పరిశోధన జరుగుతోందని తెలిసి వాలంటీరుగా చేరాను. ఏడాదిపాటు నెలకోసారి రావాలి, తిన్నదంతా ఏ రోజుకారోజు డైరీలో రాయాలి. ఆ డైరీలు చూసే కోఆర్డినేటర్ ఆమె. నాలాంటి వాళ్ళు నలభై మంది ఆమె నెత్తిన ఉన్నారు.

బయట బెంచీ మీద కూర్చుని గిలికేశానని ఒప్పుకున్నాను. ఆమెకు కోప్పడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

“అబద్ధాలు ఇంట్లో చెప్పుకోండి. నా కాగితాల మీద వద్దు,” అని కొత్త డైరీ చేతిలో పెట్టింది.

ఇక అన్నీ నిజాలే రాశాను. డిపోలో చాటుగా తిన్న మూడు బన్నులతో సహా. అవి చదువుతూ ఆమె పెదవి కొరుక్కునేది. అది నవ్వాపుకోవడానికని నాలుగో నెలకి గానీ నాకు వెలగలేదు. ఒకసారి మధ్యాహ్నం మూడు దాటినా ఆమె భోజనానికి లేవలేదు. మరి మీ డైరీ ఎవరు చూస్తారని అడిగాను. రాసుకునేంత తిండి తనకు ఉండదంది. ఆ అలిసిపోయిన ముఖం ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఎనిమిదో నెలకి నా పరిస్థితి మరీ అన్యాయం. విజిట్ దగ్గర పడితే రెండు ముద్దలు కూడా గొంతు దిగేవి కావు. నిజమే రాయమంది కదా, రాశాను: ‘ఆకలి లేదు. కారణం మీరు.’

ఆ లైను దగ్గర ఆమె ఆగిపోయింది.

“ఆకలి ఇంతలా పోతే డాక్టరుగారు డోసు ఆపేయచ్చు. నిజం చెప్పండి, మందు వల్లా?”

“కాదండీ. మీ వల్లే.”

పోనీ కొట్టేస్తానని పెన్ను తీశాను. కొట్టేసినా కింద మాట కనబడేలా ఒక్క గీతే గీసి, పక్కన సంతకం, తేదీ వేయాలట. ప్రేమ లేదని తేదీ వేసి మరీ సంతకం పెట్టడం నా వల్ల కాలేదు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాను.

ఇలాంటిదేమైనా ఉంటే ఆ వాలంటీరు ఫైలు తను ముట్టుకోకూడదని చెప్పింది. అయితే స్టడీ మానేస్తానన్నాను.

“మీ నాన్నగారిని చూసి కూడా ఆ మాట ఎలా అంటారండీ? వెళ్ళండి. నాకు ఓపిక లేదు.”

తర్వాతి నెల ఆమె కుర్చీలో కళ్ళజోడు పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ఎనభై తొమ్మిదికి తగ్గానని ఆయన మెచ్చుకుంటున్నా చెవికెక్కలేదు. విసుగెత్తి నన్ను వదిలించుకుందనే అనుకున్నాను. కోఆర్డినేటర్ మారినట్టు నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి ఆయన నా ముందుకు జరిపారు. మార్చమని అడిగింది ఆమే. కింద ఆమె చేత్తో రాసి ఉంది: ‘ఈ వాలంటీరు విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. నాకూ ఇష్టమే.’

“డాక్టరుగారు కూడా చదివారు,” అన్నారు పెద్దాయన. “సంతకం పెట్టు బాబూ, బయట ఇంకా పన్నెండు మంది ఉన్నారు.”

సంతకం పెట్టి బయటికొస్తే, ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది.

“మా అమ్మకి చెప్పాను. మిమ్మల్ని స్టడీ పూర్తి చేసి ఇంటికి రమ్మంది. ఇంకా మూడు నెలలు. ఒక్క విజిట్ తప్పినా ఊరుకోను.”

“అప్పటిదాకా మాట్లాడచ్చా?”

“మాట్లాడచ్చు. ముందు కాసేపు కూర్చోనివ్వండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను.”

మెట్టు మీద ఓ పక్కగా కూర్చుని ఆమెకు చోటిచ్చాను.