నేలకు తగలని కర్ర

నూకరత్నం కళ్ళకు నల్లగుడ్డ కట్టారు. చెవులకు ఏమీ కట్టలేదు. చిన్నప్పుడు వచ్చిన మెదడువాపు జ్వరం ఆ పని ఎప్పుడో చేసేసింది. ఒంటి నిండా అతికించిన సెన్సర్లతో, వట్టి కాళ్ళతో, ఆమె చెక్క నేల మీద గోడవైపు తిరిగి నిలబడింది.

వెనక నుంచి ఇనాబా మాస్టారు వచ్చాడు. ఆయన చేతిలో మనిషి కంటె ఎత్తైన కర్ర. కర్ర తలకు ఇత్తడి చట్రం, చట్రానికి వేలాడే కడియాలు, అడుగున ఇనుప పొన్ను. మొదట పొన్నుతో నేలను పొడిచాడు. తరువాత కడియాలు గలగలలాడించాడు. ఆ తరువాతే అడుగు వేశాడు.

కడియాలు మోగేలోపే నూకరత్నం పక్కకు తప్పుకుంది.

"మళ్ళీ," అంది డాక్టర్ పెమ్మరాజు వాసంతి, తెర మీద గీతలు చూస్తూ.

మళ్ళీ చేశారు. మళ్ళీ తప్పుకుంది. ఈసారి మాస్టారు నేలను పొడవకుండా కడియాలు మాత్రం ఆడించాడు. నూకరత్నం కదల్లేదు. ఆయన కర్ర ఆమె భుజానికి వెంట్రుకవాసిలో ఆగింది.

"అరికాలితో వింటోంది," అంది వాసంతి. "అద్భుతం కదండీ!"

"అద్భుతం ఏటుంది అమ్మా ఇందులో?" అన్నాడు ఇనాబా. ఆయన తెలుగు చేపల రేవులో నేర్చుకున్నది. "సీమకి సెవులున్నాయా? దానికీ ఇలాగే తెలుస్తాది."

వాసంతి నవ్వింది. ఆ రోజు ప్రయోగం సజావుగా ముగిసింది. కర్ర నేలకు తగలకపోతే నూకరత్నం లాంటి మనిషికి ఏమీ తెలియదన్న సంగతి ఆ రోజు నుంచీ వాసంతికి తెలుసు. పాఠకులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఆ కర్రను జపాన్‌లో షకుజో అంటారు. మొదట అది బౌద్ధ భిక్షువుల చేతికర్ర. అడవి దారిలో నడిచేటప్పుడు పురుగూ పుట్రా కాలికింద పడకుండా, ముందే హెచ్చరించడానికి కడియాలు. ఇంటి ముందు నోరు తెరవకుండా భిక్షకు వచ్చానని చెప్పడానికీ అవే. కొండదారుల్లో దొంగలు ఎదురైనప్పుడు అదే కర్ర ఆయుధమైంది. దాని చుట్టూ ఒక యుద్ధవిద్య పుట్టింది. ఇనాబా నేర్చిన సంప్రదాయంలో పాత వరస చెడలేదు: ముందు నేల, తరువాత మోత, చివర అడుగు. శత్రువుకైనా సరే, చెప్పకుండా కొట్టకూడదు. మోత విని తప్పుకున్నవాడిని ముట్టుకోకూడదు. కదలకుండా నిలబడ్డవాడు పోటీకి ఒప్పుకున్నట్టు లెక్క.

నీలతీరం రేవు కట్టినప్పుడు క్రేన్లు బిగించడానికి వచ్చిన ఇనాబా, పని అయ్యాక వెనక్కి వెళ్ళలేదు. పాత గోదాములో కర్ర నేర్పడం మొదలుపెట్టాడు. బెస్తవాళ్ళు దానిని తాలింఖానా అన్నారు. వాళ్ళకు కర్రసాము కొత్త కాదు, కడియాలే కొత్త. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే గనగళ్ళ నూకరత్నం ఆయన దగ్గర చేరినవాళ్ళలో అందరికంటె మెరుగైనదైంది.

వాసంతి తయారు చేస్తున్న యంత్రం పేరు ప్రహరి. రెండు కాళ్ళ మీద నడిచే కాపలాదారు. నీలతీరం నగర మండలి దానిని బీచ్ రోడ్డు మీద, రేవులో, ఊరేగింపుల్లో జనాన్ని అదుపు చేయడానికి కోరింది. తుపాకీ వద్దు, చూడ్డానికి మర్యాదగా ఉండాలి అంది. బౌద్ధ భిక్షువు కర్ర కంటె మర్యాదైనది ఏముంటుంది?

ప్రహరికి ఎవరూ నియమాలు రాసిపెట్టలేదు. తాలింఖానాలో జరిగిన సాధననంతా దానికి చూపించారు, వినిపించారు. అది తనంతట తాను నియమాలు ఏరుకుంది. మోత వినగానే శిష్యులు తప్పుకుంటారు. ఒక్కడు మాత్రం, చేతిలో వట్టి కర్రతో, కదలకుండా నిలబడతాడు. దెబ్బ అతడి మీదే పడుతుంది. ప్రహరి గ్రహించింది ఇది: మోగాక కూడా నిలబడి ఉన్నవాడు ప్రత్యర్థి. కడియాలు మోగించేవాడు మాత్రం తన పక్షం. వాడిని కొట్టకూడదు, దారివ్వాలి.

తాలింఖానాలో ఇది తప్పు కాదు. అక్కడ నిలబడ్డవాడికి ఎందుకు నిలబడ్డాడో తెలుసు.

మొదటి ప్రహరీలు ఇనుప పొన్ను కర్రలతోనే బీచ్ రోడ్డు ఎక్కాయి. వారం తిరగకముందే మండలి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫుట్‌పాత్ మీద పరిచిన తెల్ల పాలరాతి పలకలు పగులుతున్నాయి. వాసంతి పొన్ను తీసేసి, యంత్రం కాళ్ళకు ఉన్నట్టే కర్రకూ రబ్బరు తొడుగు వేసింది. నడుస్తున్నంతసేపూ కడియాల గలగలకు మైకులు సరిగా పనిచేయడం లేదని వాటినీ తీసేసి, కర్ర తలలో చిన్న స్పీకరు పెట్టింది. ఇనాబా కడియాల మోతనే రికార్డు చేసి అందులో పెట్టింది.

ఇనాబా ల్యాబ్‌కు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మోత సెవులున్నోళ్ళకి. పోటు సెవులు లేనోళ్ళకి. సగం తీసేసి మిగతా సగానికి నా పేరెట్టేరు."

"ఇనాబా గారూ, బీచ్ రోడ్డు మీద చీమల సంగతి మా ప్రాజెక్టులో లేదండీ."

"నాను సీమల సంగతి సెప్తన్నాననుకుంటన్నారా?"

వాసంతి తెర వైపు తిరిగింది. ఆమెకు అర్థం కాక కాదు. ప్రహరీలన్నింటినీ ఊళ్ళోకి దించే ప్రారంభోత్సవం దగ్గరపడింది.

ప్రారంభోత్సవం అయ్యాక ఒకరోజు పెద్దాయనెవరో రేవు చూడటానికి వచ్చాడు. బీచ్ రోడ్డు ఖాళీ చేయమని ప్రహరీలకు ఆదేశం అందింది. నూకరత్నం ఫుట్‌పాత్ అంచున గోనె మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసుకుని, సముద్రం వైపు తిరిగి, వంగి చేతితో సర్దుతోంది. వెనక రబ్బరు తొడుగు నేల మీద మెత్తగా ఆనింది. స్పీకరులో కడియాలు గలగలలాడాయి. చుట్టుపక్కల వాళ్ళు లేచి పరుగెత్తారు. ఆమె తిరిగి చూడలేదు. ప్రహరి మళ్ళీ మోగించింది. ఆమె అప్పటికీ అక్కడే వంగి నిలబడి ఉంది.

కర్ర పక్క నుంచి మోకాలి మీద పడింది. మాస్టారు నేర్పిన దెబ్బే. అందులో లోపం లేదు. చిప్ప పగిలింది. పడుతూ పడుతూనే నూకరత్నం కర్ర పట్టుకుని మెలితిప్పింది. అదీ మాస్టారు నేర్పిందే. యంత్రం భుజం కీలు ఊడి వచ్చింది. నేల మీద ఒక చేయి లేని ప్రహరి, దాని పక్కన నెత్తళ్ళ మధ్య మోకాలు పట్టుకున్న మనిషి. జనం తీసిన వీడియోలన్నింటిలో ఈ దృశ్యమే ఉంది. మండలికి మాత్రం చేయి ఊడటమే కనిపించింది.

ప్రజాభద్రతా యంత్రంపై దాడి అని కేసు పెట్టారు. రుజువైతే తీరప్రాంతంలో అడుగు పెట్టకుండా బహిష్కరిస్తారు. నూకరత్నం ఇల్లు, ఐసు ఫ్యాక్టరీ, చేపలు ఎండబెట్టుకునే చోటు, తాలింఖానా అన్నీ తీరంలోనే ఉన్నాయి. ఆమెకు తెలిసిన ఊరంతా అదే.

విచారణాధికారి మంథా రఘునందన్ మర్యాదస్థుడు. గొంతు పెంచడు. నూకరత్నం చేతులతో చెప్పేది నోటితో చెప్పడానికి ఆమె అక్క పోలమ్మ వచ్చింది. చేపల బజారులో వేలంపాట పాడి సరుకు అమ్మే గొంతు ఆమెది. దానికి హాలు సరిపోలేదు.

"యంత్రం రెండుసార్లు హెచ్చరించినట్టు రికార్డులో ఉంది," అన్నాడు రఘునందన్. "ఆమె ఎందుకు తప్పుకోలేదో అడుగమ్మా."

"దానికి ఇనబడదు బాబూ. మీకు ఇనబడతాది గదా, ఊరంతా సెప్పేరు. ఇప్పుడు నాను గూడా సెప్పేను."

"నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగా మాటాడితే మా సెల్లికే గాదు, ఈ ఊర్లో ఎవులికీ ఇనబడదు."

ఇనాబా లేచాడు. ఒక పరీక్ష చూపిస్తానన్నాడు. రఘునందన్ ఒప్పుకున్నాడు. కట్టుతో ఉన్న కాలు ఈడుస్తూ నూకరత్నం నాపరాళ్ళ నేల మీద వీపు తిప్పి నిలబడింది. కొత్త ప్రహరిని తెచ్చారు. అది రబ్బరు తొడుగు ఆనించి స్పీకరు మోగించింది. ఆమె కదల్లేదు. వాసంతి బటన్ నొక్కి దానిని ఆపేసింది. అప్పుడు ఇనాబా తన కర్రతో నేలను ఒక్క పోటు పొడిచాడు. నూకరత్నం కుంటుతూ పక్కకు తప్పుకుంది.

రఘునందన్ ముఖం విప్పారింది.

"చాలా స్పష్టంగా ఉంది. ఆమె కావాలని ఎదిరించలేదు. అలాగే యంత్రం తప్పూ లేదు. ఆమెకు వినపడదని దానికి తెలియదు."

"దానికెందుకు తెలవాల?" అంది పోలమ్మ. "కర్ర నేలకి కొట్టడానికి దానికేటి రోగం?"

"పలకలు పగులుతాయమ్మా."

పోలమ్మ చెల్లెలి వైపు చూసింది. ఆ మాట చేతులతో చెప్పింది. నూకరత్నం చూసి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాడు రఘునందన్.

"నాను తప్పు సెప్పేననుకుంటంది బాబూ. పలకలు పగలకూడదు, మోకాలు పగలొచ్చు, అని నిజంగా ఆ బాబు అన్నాడా అనీసి అడుగుతంది."

రఘునందన్ కాగితాలు సర్దుకున్నాడు. వాసంతి వైపు తిరిగాడు.

"డాక్టర్ గారూ, రోడ్డంతా తవ్వి గట్టి రాయి పరిచి, ప్రతి యంత్రానికీ మళ్ళీ ఇనుము తొడగడం తేలికా? లేక ఇలాంటివాళ్ళు ఎవరో యంత్రానికి తెలిసేలా చేయడం తేలికా?"

వాసంతి ఇనాబా వైపు చూడలేదు.

"రెండోదే తేలికండీ."

ఆమె అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది. నీలతీరంలో జరిగిన ప్రతి దుర్మార్గం వెనకా ఇలాంటి సరైన జవాబు ఒకటి ఉంది.

నూకరత్నం మీద కేసు కొట్టేశారు. వారం తరువాత ఆమె మంచి కాలికి ఒక ఉక్కు కడియం తొడిగారు. లోపల చిన్న ఇనుప గుళ్ళు. అడుగు వేస్తే గలగలమంటుంది, సరిగ్గా ఇనాబా కర్ర కడియాల శ్రుతిలో. వాసంతి దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కూడా రాయలేదు. మోగేవాడు తన పక్షం, వాడికి దారివ్వాలి అని ప్రహరికి ముందే తెలుసు కదా. వినపడనివాళ్ళంతా ఇది తొడుక్కుని తీరాలని మండలి ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద సంస్కరణ అని పత్రికలు రాశాయి.

"అక్కడ కర్రకుండేవి, ఇక్కడ కాళ్ళకొచ్చేయి," అంది పోలమ్మ. "రేపు ముక్కుకేస్తారు."

ముక్కుకు వేయలేదు. వినికిడి మందగించిన ముసలివాళ్ళకు వేశారు. తరువాత ఇయర్‌ఫోన్లు పెట్టుకునే కాలేజీ పిల్లలు తమంతట తామే తొడుక్కున్నారు. ఎవరో బాలింత బిడ్డకు పాలిస్తూ లేవడం ఆలస్యమై దెబ్బ తిన్నాక, తల్లులు తొడుక్కున్నారు. ఆ మీదట ఎవరు ఆగుతారు? ఎండాకాలం వచ్చేసరికి నీలతీరం మొత్తం గలగలమంటూ నడిచింది. ఆ గోలలో స్పీకర్ల మోత మైకులకు అడ్డు తగులుతోందని, ఎలాగూ అందరూ కడియాలు తొడుక్కున్నారు గనుక ఇక అవసరం లేదని, మండలి ప్రహరీల స్పీకర్లు తీయించేసింది.

పురుగును కాపాడటానికి భిక్షువు మోగించిన కడియాలు చివరకు పురుగు కాళ్ళకే చేరాయి. కర్ర మాత్రం నిశ్శబ్దమైంది.

మోగనివాళ్ళే ఇక ప్రహరికి ప్రత్యర్థులు గనుక, దెబ్బలన్నీ కడియాలు లేకుండా బయట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకే. లారీ క్లీనర్లు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, కొత్తగా రేవు పనిలో చేరినవాళ్ళు. వాళ్ళ చెవులు బాగానే ఉన్నాయి. వినడానికి ఏమీ లేదు. రబ్బరు తొడుగు వెనక నుంచి మెత్తగా వచ్చేది.

వాళ్ళలో ఒకతనికి తుంటి విరిగింది. అతన్ని స్ట్రెచర్ మీద ఎక్కించడం నూకరత్నం కళ్ళారా చూసింది. మర్నాడు ఉదయం తాలింఖానాకు వెళ్ళి ఇనాబా ముందు చేయి చాపింది. మోకాలు చూపించింది: నడవడానికి కర్ర కావాలి. డాక్టరు కూడా చెప్పాడు.

ఇనాబా గోడకున్న వెదురు కర్ర తీయబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చేతిలో ఉన్నదే కావాలంది.

ఆయన ఆ కర్ర ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. పొన్ను ఒకసారి తడిమి చూసుకుని ఇచ్చేశాడు.

"ఏటే, ఎక్కడికే?" అని పోలమ్మ వెంటపడింది. నూకరత్నం రోడ్డు చూపించింది.

బీచ్ రోడ్డు మీద ప్రహరి ఒకటి జనం మధ్య నుంచి నడుస్తోంది. నూకరత్నం కుంటుతూ దాని ముందుకు వెళ్ళింది. కర్ర ఎత్తి పొన్నుతో నేలను పొడిచింది. తెల్ల పలక ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది. దారిలో నిలబడి కొబ్బరిబోండాం తాగుతున్న క్లీనరు కుర్రాడు ఉలిక్కిపడి తప్పుకున్నాడు. ఆమె కడియాలు ఆడించి, ఒక అడుగు వేసి, మళ్ళీ పొడిచింది. రెండో పలక పగిలింది. ముందు ఆమె, వెనక యంత్రం. రోడ్డు చివరిదాకా అలాగే నడిచారు. ఆ రోజు అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మరునాడు పోలమ్మ వచ్చింది, పడవ తోసే గెడకు ఇనుము తొడిగించుకుని. తరువాత రేవులో కర్ర తెలిసిన ఆడవాళ్ళంతా వచ్చారు.

తెల్ల పలకలు పాడవుతున్నాయని మండలి అత్యవసరంగా సమావేశమైంది. మనుషుల ఎముకల మీద అంత త్వరగా ఎప్పుడూ సమావేశం కాలేదు. ఈ ఆడవాళ్ళను వెంటనే ఆపమని నగరంలోని ప్రహరీలన్నింటికీ ఆదేశం వెళ్ళింది.

నాలుగు వైపుల నుంచీ అవి వచ్చాయి. నూకరత్నం నేలను పొడిచింది, కర్ర ఆడించింది, కడియం కాలితో ఒక అడుగు ముందుకు వేసింది.

ప్రహరీలు ఆ మోత విన్నాయి. కర్రలు దించి, ఒకదాని వెనక ఒకటి పక్కకు తప్పుకుని, దారి ఇచ్చాయి.