ఏడో నంబర్ పైజోమీటర్

టేపు తాతని ఆయన టేపుతోనే చంపారు. పొద్దున్నే ఆనకట్ట మీద ఆరో పైపు దగ్గర వంగి కూర్చున్న మనిషి మెడకి వెనక నుంచి రెండు చుట్లు చుట్టి బిగించారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చీమకి కూడా అపకారం చేయని మనిషి. ఆయన పనల్లా పన్నెండు పైజోమీటర్ పైపుల్లోకి రోజూ టేపు దించి, కొస నీటికి తగిలి కుయ్‌మనగానే లోతు రాసుకోవడం.

"కంప్యూటర్ ఉండగా ముసలాయన టేపెందుకు దించాడు?" అడిగాడు బొద్దింక. ఎక్కడికి పంపినా ప్రాణాలతో తిరిగొస్తాడని డిపార్ట్‌మెంట్ ఆ ఏజెంట్‌కి పెట్టిన పేరది.

"కంప్యూటర్‌ని నమ్మక," అన్నాడు చీఫ్. "ఆనకట్ట కింద నేలలో నీటి ఒత్తిడి ఎంతుందో ఆ పైపులు చెబుతాయి. పైపులో నీళ్ళు పదకొండు మీటర్ల లోతున ఉంటే హాయి. నోటిదాకా వచ్చాయా, ఆనకట్ట లేచిపోతుంది. దిగువన నలభై వేల మంది ఉన్నారు. ఓ విదేశీ ముఠా దాని మీద కన్నేసిందని నెమలి కబురు పంపింది."

"నెమలి ఎవరు?"

"ముఠాలో మన మనిషి. ఆనకట్ట కంట్రోల్ రూమ్‌లో ఇన్‌స్ట్రుమెంట్ కన్సల్టెంట్‌గా ఉంది. ఊరు మాత్రం ఖాళీ చేయించను. చేయిస్తే ముఠా జారుకుంటుంది."

"ఈలోగా ఆనకట్ట పోతే?"

"పోనివ్వకు."

నెరిసిన మీసం అంటించుకుని, పైపుల లోతు చూసే కొత్త రీడర్ వేషంలో బొద్దింక ముందుగా తాత భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, ఇంట్లో ఉన్న రెండో టేపు తెచ్చి ఇచ్చింది.

"ఏడో దాంట్లో దించకు బాబూ. మూడేళ్ళ కిందట రాయి పడి మూసుకుపోయింది. చెబితే తిడతారని మా ఆయన నోటికొచ్చిన అంకె రాసేసేవారు. పోయిన మనిషి పరువు తియ్యకు."

"తియ్యనమ్మా," అన్నాడు.

కంట్రోల్ రూమ్‌లో నెమలి నల్లకళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని కూర్చుంది. ఆమె కాలు మీద కాలు మార్చినప్పుడల్లా ఇంజనీర్లు గుటకలు మింగుతున్నారు.

"వాన వస్తుందా?" కోడ్ వాక్యం అడిగాడు.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను," సరిగ్గానే చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "స్క్రీన్ నిజమే చెబుతోంది. పొద్దున పన్నెండు పైపులూ నేనే టేపు దించి చూశాను. నువ్వు శ్రమపడకు."

"ఏడోది కూడానా?"

"పదకొండు నలభై. నా చేత్తోనే దించాను."

బొద్దింక నవ్వి తలూపాడు. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈమె చేత్తో పట్టుకున్న టేపు ఒక్కటే, అది తాత మెడకి బిగించింది.

బయటికొచ్చి ఆరో పైపులో టేపు దించాడు. మీటరున్నరకే కుయ్‌మంది. నీళ్ళు నోటిదాకా రావడానికి అరగంట కూడా పట్టదు.

వెనక్కి వెళ్ళి ఆమె నడుముకి పిస్టల్ ఆనించాడు. "కింది నీళ్ళని ఆనకట్ట సొరంగంలోకి వదిలే డ్రెయిన్ వాల్వ్ ఎక్కడ మూసేశారు?"

"సొరంగం చివర." పెదవులు పాలిపోయాయి. "తెరిస్తే నన్ను వదిలేస్తావా?"

"తెరువు. తలుపు గొళ్ళెం తీస్తాను. మాటిస్తున్నా."

అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ ఆమె చేతిలో పెట్టి, సొరంగంలోకి తోసి, ఇనుప తలుపు వేశాడు. దాని జత పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

"పది చుట్లు తిప్పాను... ఇరవై. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. చాలా?"

"పూర్తిగా."

"అయిపోయింది! తలుపు దగ్గరికొచ్చాను, నడుము దాకా వచ్చేశాయి. తియ్యి!"

గొళ్ళెం తీశాడు. ఆ తలుపు సొరంగం లోపలికే తెరుచుకుంటుంది. నీటి బరువు ఆనాక లోపలి నుంచి ఎంత లాగినా రాదు. నీళ్ళు తోడే పంపుల్ని ఆమె ముఠాయే పాడుచేసింది. ఇవన్నీ మాటిచ్చేటప్పుడే అతనికి తెలుసు.

పరిగెత్తుకుంటూ ఆరో పైపు దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు కంటికే కనిపిస్తున్నాయి. నోటికి బెత్తెడు కింద ఆగాయి. కాసేపు ఊగాయి. తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టాయి.

చేతిలోని పరికరం ఇంకా అరుస్తోంది. తాతని తలుచుకుని మనసు గట్టి చేసుకోబోయాడు. చేతకాలేదు. స్విచ్ కట్టేసి, పైపు పక్కనే కూర్చుని వాంతి చేసుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠాలో మిగతా ఇద్దరూ దొరికారు. ఆమెకేదో మాటిచ్చావట?"

"మాట తప్పలేదు సార్. గొళ్ళెం తీశాను." అన్నాడు బొద్దింక. "మూడో నిమిషంలో నా సెట్ కట్టేశాను."

"నేను కట్టెయ్యలేదు. ఇక్కడ అదే ఛానెల్‌లో కూర్చున్నాను. మొత్తం పదకొండు నిమిషాలు." చీఫ్ తీరిగ్గా టీ చప్పరించాడు. "నీళ్ళలో కూడా బ్రహ్మాండంగా పనిచేసిందోయ్. ఇంకో రెండు డజన్లు ఆర్డర్ పెట్టిస్తున్నా."