లాడ్ బజార్‌లో లక్క గాజు

బాలనర్సయ్యను మిలిటరీ జీపులో కుదేసి తీసుకుపోయేటప్పుడు అతని వేళ్లకు సోల్డరింగ్ మసి ఇంకా వదల్లేదు. దేశద్రోహి అన్నారు. కూకట్‌పల్లి అవతల రాడార్లు చేసే సర్కారు ఫ్యాక్టరీలో కొత్త డ్రాయింగును ఎవడో దొంగచాటుగా ఫొటో తీసి మైక్రోఫిల్మ్ చేశాడు. సరిహద్దులో యుద్ధ మేఘాలు కమ్ముతున్న రోజులు. ఎవడో ఒకడు దొరకాలి. ఆఫీసర్ల గదుల తలుపు తట్టే దమ్ము ఎవడికీ లేకపోయింది. టెక్నీషియన్ దొరికాడు.

ఆ టెక్నీషియన్ ఏజెంట్ రామచంద్రానికి స్వయానా అక్క మొగుడు.

కొండాపూర్ గుట్టల్లో అప్పట్లో ఒక కోళ్ల ఫారం. కోళ్లు నిజమైనవే, కంపూ నిజమైనదే. మేత గోదాము వెనకున్న గది మాత్రం సీక్రెట్ సర్వీస్ స్టేషన్. గేటు దగ్గర "నాటుకోడి ఉందా?" అని అడగాలి. "పుంజే మిగిలింది" అని జవాబొస్తేనే లోపలికి. శనివారం పొద్దున రామచంద్రం ఆ తంతు ముగించుకుని చీఫ్ భీమేశ్వరరావు ముందు నిలబడ్డాడు.

"మీ బావగారి సంగతి విన్నానండి. చాలా విచారకరం."

"బావ గసొంటోడు కాదు సార్."

"ఆ మాట ఫిల్మ్ చెప్పాలండి, మీరు కాదు." భీమేశ్వరరావు ఒక ఫొటో తోశాడు. తెల్లవాడు, మెడలో రెండు కెమెరాలు. "హార్డింగ్. పాత నగరాల మీద పుస్తకం వేస్తున్నానని వీసా. వీకెండ్‌కి దిగాడు. రేపు చార్మినార్ చుట్టూ తిరుగుతాడు. ఫిల్మ్ చేతులు మారేది అక్కడే. సాయంత్రం ఫ్లైట్ ఎక్కాడా, పోయినట్టే. దాన్ని నా టేబుల్ మీద పెట్టండి. తీసిందెవరో తేలుతుంది, మీ బావగారు ఇంటికొస్తారు."

"దొరకకపోతే?"

"మిలిటరీ కోర్టండి."

అప్పుడు లోపలికొచ్చింది పద్మావతి. నీలం చీర, మెడ వంచితే గది గదంతా వంగేటంత అందం. రెండేళ్లుగా హార్డింగ్ ముఠాలో చేరి మనకు వార్తలు మోస్తున్న మనిషని చీఫ్ చెప్పాడు. రేపటి మిషన్‌లో రామచంద్రానికి పెళ్లాం వేషం. ఇద్దరూ బెజవాడ నుంచి పాతబస్తీ చూడటానికొచ్చిన కొత్త జంట. రామచంద్రానికి మత్తుసూది పేల్చే ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు. లోయెస్ట్ టెండర్‌లో కొన్నది.

ఆ రాత్రి కూకట్‌పల్లిలో అక్క వీరలక్ష్మి తమ్ముడికి అన్నం పెట్టి లేచింది. గిన్నెలు తోముతుంటే ఆమె చేతి గాజు చిట్లింది. చిట్లగానే కొంగు అంచు నుంచి దారం పీకి మణికట్టుకు కట్టుకుంది. ఆ తర్వాతే గాజు ముక్కలు ఏరింది.

ఆదివారం. టెరిలిన్ షర్టు, నల్ల కళ్లద్దాలు, అంటించిన మీసం. రామచంద్రం పెళ్లాన్ని వెంటబెట్టుకుని మక్కా మసీదు చూశాడు, పావురాలకు జొన్నలు చల్లాడు, చార్మినార్ ఎక్కాడు. పైనుంచి బస్తీ అందంగానే ఉంది. దరిద్రం దూరం నుంచి ఎప్పుడూ అందంగానే కనపడుతుంది. పక్కన హార్డింగ్ కెమెరా ఆగకుండా క్లిక్‌మంటోంది. కూలిన గోడ కనపడితే చాలు, వాడికి పండగ. ఆ గోడ వెనక మనుషులున్నారన్న సంగతి వాడికి పట్టలేదు. ఆ మాటకొస్తే మన సర్కారుకూ పట్టలేదు.

"ఏంటండీ, పక్కన పెళ్లాన్ని పెట్టుకుని దొరగారిని చూస్తారేం?" పద్మావతి నవ్వింది.

"వాని దగ్గరికి ఒక్కడన్న వస్తలేడు. పరేషాన్ ఉంది."

"వస్తాడు. నాకు గాజులు కొనిపెట్టండి ముందు."

లాడ్ బజార్ కిటకిటలాడుతోంది. ఏదో పెళ్లివారి బ్యాండు సందు దద్దరిల్లిస్తోంది. ఒక దుకాణం ముందు, అందరూ ఖాలా అని పిలిచే ముసలావిడ బొగ్గుల కుంపటి మీద లక్క కాస్తోంది. పద్మావతి కూర్చుని చేతులు చాపింది. ఖాలా కుడిచేతి గాజులు తీసింది, ఎడమచేతి మట్టిగాజులూ తీసింది. ఒక ఎర్ర లక్క గాజు మిగిలింది.

"గది ఉండనీ బిడ్డా. కొత్తయి ఎక్కినంక తీస్త."

"తీసెయ్."

"అరె, మొగడు పక్కన నిలబడ్డడు. జర సేపైనా బోడి చేతులేంది?"

"పర్వాలేదన్నాను కదా!" పద్మావతి తానే ఆ గాజు లాగి ఎదురుగా ఉన్న గాజుల కుప్ప మీద పెట్టింది. రెండు చేతులూ బోసిగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రామచంద్రం నల్ల కళ్లద్దాలు తీసి ఆ చేతులకేసి చూశాడు. పొద్దుటి నుంచి ఈ మనిషి కొంగు సర్దుకోవడంలో, ఒకడుగు వెనక నడవడంలో, మొగుణ్ణి దెప్పడంలో ఎక్కడా తప్పలేదు. అలాంటిది, ఏ తెలుగింటి ఇల్లాలూ చెయ్యని పని చేసింది. తెలియక కాదు, తొందరపడి. ఎందుకు తొందర? తలెత్తితే జవాబు ఎదురుగా వస్తోంది. హార్డింగ్ నేరుగా దుకాణానికొచ్చి, వందల గాజుల్లో ఆ ఎర్ర గాజు మీదే వేలు పెట్టాడు.

"దట్ వన్."

రామచంద్రం చెయ్యి వాడికన్నా ముందు పడింది. గాజు పిడికిట్లోకి వచ్చింది. అదే క్షణాన డొక్కలో పిస్టల్ గొట్టం గుచ్చుకుంది.

"నవ్వు రామచంద్రం, భార్యాభర్తలం." పద్మావతి గొంతు తేనెలా ఉంది. "ఈ బ్యాండులో పేలినా పటాకా అనుకుంటారు. గాజు ఆయనకిచ్చెయ్."

"నీకు ఫిల్మ్ ఇచ్చినోడెవడు?"

"చచ్చేవాడికి చెప్తే పోయేదేముంది? శ్రీనివాసరావు. ఫ్యాక్టరీలో ఇంజినీరు. మీ చీఫ్‌కి అల్లుడు. తన పేర తీసుకున్న కాపీనే ఫొటో తీశాడు, దాని మీద వాడి సంతకం కూడా పడిందిలే."

సంతకం! పిడికిట్లో ఉన్నది గాజు కాదు, బావ ప్రాణం. దీన్ని టేబుల్ మీద పెడితే చాలు. రామచంద్రం జేబులోని పెన్ను నొక్కాడు. క్లిక్‌మంది. సూది రాలేదు, సిరా కారింది.

హార్డింగ్ అతని మణికట్టు పట్టి మెలిపెడుతున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. గొట్టం ఇంకా లోతుకు దిగింది. చచ్చినా గాజు వాడిదే, ఇచ్చినా వాడిదే. మోకాలి ఎత్తులో కుంపటి ఎర్రగా మండుతోంది.

అందులో పడ్డది వాడికి దక్కదు. బావకూ దక్కదు.

"మాఫ్ చెయ్యి అక్కా," అని చేతిలోది వదిలేశాడు.

లక్క బుస్సున అంటుకుంది. లోపలి ఫిల్మ్ ముడుచుకుని, నల్లబడి, బొగ్గులో కలిసింది. దేశం రాడార్ రహస్యం దేశంలోనే బూడిదైంది. హార్డింగ్ కుంపటిలో వేళ్లు పెట్టి కాల్చుకుని కేక పెట్టాడు.

"ఇగ కాలుస్తవా? దేనికోసం?" అన్నాడు రామచంద్రం.

పద్మావతి ఒక్క క్షణం అతన్ని చూసింది. పిస్టల్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఖాలా వైపు చేతులు చాపింది. "పచ్చవి వెయ్యండి. నప్పుతాయి."

సోమవారం కోళ్ల ఫారంలో భీమేశ్వరరావు లేచి మరీ కరచాలనం చేశాడు. "ఢిల్లీ చాలా సంతోషించిందండి. ప్లాట్ ఫెయిల్."

"ఆ ఫిల్మ్ తీసింది మీ అల్లుడు సార్. దాని మీద సంతకం ఉండె."

"ఉండేదేమోనండి. తగలబెట్టింది మీరు కదా? హార్డింగ్ కాలిన చేతికి కట్టు కట్టించి, సారీ చెప్పి ఫ్లైట్ ఎక్కించాం. పద్మావతి నాటకమంతా వాణ్ణి నమ్మించడానికేనని రిపోర్టు ఇచ్చింది. ఆమెకి విదేశీ పోస్టింగ్ వచ్చిందండి."

"మా బావ?"

"ఫిల్మే లేదు కనక కోర్టు లేదు, ఉరి లేదు. సంతోషించండి. అనుమానం ఉంది కనక విడుదలా లేదు. ప్రివెంటివ్ డిటెన్షన్, అంటే విచారణ లేని జైలండి. ఎన్నాళ్లని అడక్కండి, నాకూ తెలీదు."

మదీనాగూడ దాకా బొంబాయి రోడ్డు మీద ఊరికే నడిచి, పొద్దు వాలేవేళకు రామచంద్రం అక్క ఇల్లు చేరాడు. వీరలక్ష్మి గడపలోనే కూర్చుని ఉంది. అతను జరిగిందంతా చెప్పాడు, కుంపటి సంగతి కూడా. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

మణికట్టు దారం సర్దుకుంటూ అడిగింది. "గింత పని చేసినవు గద తమ్మీ. ఏమిచ్చిన్రు నీకు?"

"సెలవిచ్చిన్రు అక్కా. రెండు దినాలు. యాడికన్న పోయి పాత కోటలు గిట్ల చూసి రమ్మన్నరు."